బండిబాట - పడవబాట

మానవుని విజ్ఞానానికి గ్రంథపఠనం ఒక కన్నయితే దేశసంచారం మరొక కన్ను. పుస్తకంలో చదివిన విషయం తెలిసినదవుతుంది. కంటితో చూసిన విషయం మనదవుతుంది. అయితే చూపు వెనుక ఆలోచన లేనప్పుడు ఎంత దూరం తిరిగినా మిగిలేది బడలికే. దూరాన ఉన్న మిత్రులను చూడడానికి రహదారి మీద బయలుదేరి, వారితో కలిసి కాలువలో పడవ ఎక్కి రావడం పైకి వినోదయాత్రగానే కనిపిస్తుంది. కాని ఆ దారి పొడుగునా నేల ఎలా మారుతున్నది, నేలతోపాటు నీరు ఎలా మారుతున్నది, నీటిని అనుసరించి మనుషుల బ్రతుకు ఎలా మారుతున్నది అని గమనిస్తే ఆ యాత్రే ఒక పాఠమవుతుంది. రఘునాథపల్లి నుండి గోదావరి డెల్టా కాలువల దాకా సాగే దారి ఇందుకు చక్కని నిదర్శనం.

రఘునాథపల్లి నుండి ఓరుగల్లు

రఘునాథపల్లి హైదరాబాదు - వరంగల్లు రహదారి మీద, హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రం. సికింద్రాబాదు - కాజీపేట రైలుమార్గంలో ఇక్కడ ఒక స్టేషను కూడా ఉన్నది. చిరకాలం వరంగల్లు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరులో ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. ఒకప్పుడు 202వ సంఖ్యతో పిలిచిన జాతీయ రహదారికి నేడు 163వ సంఖ్య ఉన్నది.

ఈ మండలంలోనిదే ఖిలాషాపూర్. గీతవృత్తి కుటుంబంలో పుట్టి, మొగలు అధికారాన్ని ధిక్కరించి, షాపూరులో కోట కట్టుకొని, 1708లో వరంగల్లు నగరం మీదనే దాడి చేసిన సర్వాయి పాపన్న కథకు ఈ ఊరే రంగస్థలం. 1710లో అతడు పట్టుబడి మరణించినా జానపదుల గొంతులో నేటికీ జీవిస్తున్నాడు. దక్షిణాన ఉన్న పాలకుర్తి, బమ్మెర గ్రామాలు పాల్కురికి సోమనాథుని పేరుతోను, పోతనామాత్యుని పేరుతోను ముడిపడినవి. వీరగాథకూ కవితకూ పుట్టినిల్లయిన ఈ నేలలో యాత్ర ఆరంభించడం విద్యార్థులకు అదృష్టమే.

రఘునాథపల్లి దాటి తూర్పుగా సాగితే స్టేషన్ ఘన్‌పూర్, ఆ తరువాత మడికొండ, కాజీపేట వస్తాయి. దారికి ఇరువైపులా ఎర్రని చెలకలు, నల్లరాతి గుట్టలు, తాటివనాలు, నడుమనడుమ అద్దపు ముక్కల వలె మెరిసే చెరువులు దర్శనమిస్తాయి. వాటిలో కొన్ని వందల ఏండ్ల నాటివి. ఘన్‌పూర్, ధర్మసాగర్ జలాశయాలకు నీరు చేరే తీరు మాత్రం మన కాలపు కథ. గంగారం దగ్గర గోదావరి నీటిని పంపులతో ఎత్తి, గొట్టాల ద్వారా ఈ మెట్టభూములకు చేర్చే దేవాదుల ఎత్తిపోతల పథకం ఆ జలాశయాలను నింపుతున్నది. నదియే మనిషి వెంట గుట్టలెక్కి వస్తున్నదన్న మాట!

చెరువుల సీమ

ఈ ప్రాంతంలో చెరువులు ఇంత విస్తారంగా ఉండడానికీ, పడవలు నడిచే కాలువలు లేకపోవడానికీ కారణం ఒక్కటే. అది నేల స్వభావం. వరంగల్లు సముద్రమట్టానికి 260 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అడుగున గట్టి రాయి. పైన ఎత్తుపల్లాల నేల. వానాకాలంలో వాగులు పొంగుతాయి, ఎండాకాలంలో ఇసుక తేలుతుంది. అటువంటి చోట ఏడాది పొడుగునా సమతలంగా పారే కాలువను త్రవ్వడం కష్టం. కనుక పెద్దలు పారే నీటికి అడ్డంగా కట్ట పోసి నిలపడం నేర్చుకున్నారు. ఒక చెరువు నిండగానే మత్తడి దుమికిన నీరు దిగువ చెరువును నింపుతుంది. అది నిండితే మరొకదానిని నింపుతుంది. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటారు. తూము తెరచి పొలాలకు నీరు పంచడానికి ఊరూరా నీరటివాడు ఉండేవాడు.

కాకతీయుల కాలంలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. ఊరు, గుడి, చెరువు అనే మూడింటిని ఒక్కటిగా భావించిన పాలన వారిది. గణపతిదేవుని కాలంలో 13వ శతాబ్దిలో పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు వెలిశాయి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప దేవాలయాన్ని 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ గుడి పక్కనే ఉన్న చెరువు నేటికీ పొలాలు తడుపుతున్నది. గుడి చూపులకు ఆనందమిస్తే చెరువు కడుపుకు అన్నం పెడుతున్నది.

చెరువు త్రవ్వించడం సప్తసంతానాలలో ఒకటిగా మన పూర్వులు పరిగణించారు. కొడుకు వలె, కావ్యం వలె, దేవాలయం వలె చెరువు కూడా మనిషి పోయిన తరువాత అతని పేరు నిలుపుతుందని వారి విశ్వాసం. కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండరాని 6 దోషాలను అది వివరిస్తున్నది. రెండేండ్లపాటు ప్రతిదినం వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు కూడా చెబుతున్నది. పుణ్యకార్యమని కన్నులు మూసుకొని చేయక శాస్త్రమెరిగి చేశారన్న సత్యం దీనివల్ల వెల్లడవుతున్నది. కాలక్రమాన పూడిక నిండిన చెరువులను బాగుచేయడానికి తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ అనే కార్యక్రమం చేపట్టింది.

లక్నవరం చెరువు నేడు పడవ విహారానికి ప్రసిద్ధి పొందింది. అడవి మధ్య నీరు, నీటి మధ్య దీవులు, దీవులను కలిపే వేలాడే వంతెన చూపరులను ఆకర్షిస్తున్నాయి. అయినా అది నిలువనీటి మీది విహారమే. పడవ బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఒక ఊరి నుండి మరొక ఊరికి మనుషులనూ సరుకులనూ మోసిన పడవబాటను చూడాలంటే నేల వాలిన వైపు, తూర్పు దిక్కుకు ప్రయాణం సాగించాలి.

వాలు మారిన నేల

వరంగల్లు నుండి వర్ధన్నపేట, తొర్రూరు, మరిపెడల మీదుగా దారి ఖమ్మం చేరుతుంది. ఈ దారిలో దాటే ఆకేరు వాగు మున్నేరులో కలుస్తుంది. మున్నేరు పాకాల చెరువు నుండి బయలుదేరి, ఖమ్మం పట్టణాన్ని ఒరుసుకొని, కృష్ణానదిని చేరుతుంది. అంటే ఓరుగల్లుకు తూర్పున నిలిచిన ఒక చెరువు నీరు చివరకు విజయవాడ వైపు సాగిపోతుంది. చెరువుకూ నదికీ, మెట్టకూ డెల్టాకూ గల బంధుత్వం ఈ ఒక్క వాగును పరిశీలిస్తే అవగతమవుతుంది. ఈ చిన్న నదిని తక్కువగా అంచనా వేయరాదు. 2024 సెప్టెంబరు మొదటివారంలో కుండపోత వానలకు మున్నేరు పొంగి ఖమ్మంలోని పల్లపు ప్రాంతాలను ముంచెత్తింది.

ఖమ్మం దాటితే వైరా, తల్లాడ, సత్తుపల్లి, అశ్వారావుపేట వరుసగా వస్తాయి. వరిమళ్ళ నడుమ మామిడితోటలు, ఆ తరువాత పామాయిల్ తోటలు కనిపిస్తాయి. చెలకల ఎరుపు తగ్గి పచ్చదనం చిక్కబడుతుంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి గడిచి కొవ్వూరు చేరేసరికి గుట్టలు వెనుకబడి ఆకాశం విశాలమవుతుంది. ఎదుట గోదావరి! 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీదుగా రాజమహేంద్రవరంలో అడుగుపెట్టినప్పుడు, ఉదయం చెరువుగట్టు మీద నిలిచిన యాత్రికుడు సాయంత్రానికి మహానది గట్టు మీద నిలిచినట్లవుతుంది. మూడు వందల కిలోమీటర్లకు పైబడిన ఈ ప్రయాణంలో అతడు ఎత్తయిన పీఠభూమి నుండి దాదాపు సముద్రమట్టానికి దిగి వచ్చాడు.

కాటన్ కాలువలు

గోదావరి డెల్టా ఎల్లప్పుడూ అన్నపూర్ణగా లేదు. 1832-33లో వచ్చిన డొక్కల కరువు కోస్తా జిల్లాలలో ఎందరినో బలిగొన్నది. పక్కనే మహానది సముద్రంలోకి పరుగెత్తుతుండగా ప్రజలు తిండిలేక మరణించారు. ఈ వైపరీత్యానికి నివారణ ఆలోచించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్. ఆయన ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద గోదావరి ఆనకట్ట నిర్మాణం 1847లో ఆరంభమై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగిన ఆ ఆనకట్ట స్థానంలో నేడు ఆయన పేరిటనే బ్యారేజీ ఉన్నది. దీని కింద పది లక్షల ఎకరాలకు పైగా భూమి సాగవుతున్నది.

కాటన్ కాలువలను కేవలం పొలాల కోసమే ఉద్దేశించలేదు. కాలువ పొలాన్ని తడపాలి, పండిన పంటను అదే కాలువ రేవుకు చేర్చాలి అన్నది ఆయన సిద్ధాంతం. భారతదేశానికి ఖరీదైన రైలుమార్గాల కంటె చౌకైన జలమార్గాలే మేలని ఆయన చివరివరకూ వాదించాడు. డెల్టా కాలువలు వాలు తక్కువగా, వెడల్పుగా, పడవలు నడవడానికి అనువుగా రూపుదిద్దుకోవడానికి ఈ దృష్టియే కారణం.

కోనసీమలో పి.గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కట్టిన అక్విడక్టు ఆ కాలపు ఇంజనీరింగు నేర్పుకు తార్కాణం. కింద నది, పైన కాలువ! 1850లలో 49 కమానుల మీద నిలిపిన ఆ కట్టడానికి ప్రక్కనే 2000లో కొత్తది నిర్మించారు. దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి లంకల గన్నవరంలో, ఏ వేళ వచ్చిన బాటసారికైనా అన్నం పెట్టి నిరతాన్నదాత్రిగా కీర్తి పొందింది. ఒక నీటి కట్టడానికి పాలకుని పేరో ఇంజనీరు పేరో కాక అన్నం పెట్టిన గృహిణి పేరు పెట్టడం ఎంతో ఔచిత్యంగా ఉన్నది. ప్రయాణమంటే దారి మాత్రమే కాదు, దారి చివర తెరచి ఉండే తలుపు కూడా.

కృష్ణా డెల్టాలోను ఇటువంటి నిర్మాణమే సాగింది. విజయవాడ వద్ద ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. గోదావరి కాలువా కృష్ణా కాలువా ఏలూరు వద్ద కలిశాయి. గుంటూరు జిల్లాలోని కొమ్మమూరు కాలువ దక్షిణాన బకింగ్‌హామ్ కాలువను అందుకున్నది. 1806లో మద్రాసు - ఎన్నూరుల మధ్య చిన్న కాలువగా మొదలైన బకింగ్‌హామ్ కాలువ క్రమంగా ఉత్తరానికి పెరిగింది. 1876-78 మహాక్షామంలో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించడానికి దానిని మరింత పొడిగించి, నాటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. ఈ విధంగా కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రం మొగం చూడకుండానే మద్రాసులో దిగగలిగే జలమార్గం ఏర్పడింది.

లాకుల నేర్పు

కాలువ ఎంత సమతలంగా కనిపించినా సముద్రం వైపు కొద్దిగా దిగుతూనే ఉంటుంది. కొన్ని చోట్ల ఆ దిగుడు మెట్టు వలె ఉంటుంది. మెట్టు మీద బండి దిగలేనట్లే పడవా దిగలేదు. ఈ చిక్కు తీర్చే ఉపాయమే లాకు.

లాకు అంటే కాలువ మధ్య కట్టిన ఒక పొడవాటి తొట్టి. దానికి ఎగువన ఒక తలుపు, దిగువన ఒక తలుపు ఉంటాయి. దిగువ నుండి వచ్చే పడవ తొట్టిలో ప్రవేశించగానే వెనుక తలుపు మూస్తారు. ఎగువ నీటిని చిన్న తూముల ద్వారా మెల్లగా లోపలికి వదులుతారు. తొట్టిలోని నీరు పెరుగుతుంటే దానితోపాటు పడవ పైకి లేస్తుంది. లోపలి మట్టమూ ఎగువ కాలువ మట్టమూ సమానం కాగానే ముందు తలుపు సులభంగా తెరుచుకుంటుంది. పడవ సాగిపోతుంది. దిగివచ్చే పడవకు ఇదే పని తలక్రిందులుగా జరుగుతుంది. ఏ యంత్రమూ ఎత్తకుండా, ఏ మనిషీ మోయకుండా, టన్నుల బరువును నీరే ఎత్తి దించుతుంది. రెండు వైపుల మట్టం సమానం కానిదే తలుపు తెరుచుకోదు; బలం ప్రయోగిస్తే విరుగుతుంది. ఓర్పు తప్ప మార్గాంతరం లేని విద్య ఇది.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళే దారిలో కాలువ రహదారికి తోడుగా నడుస్తుంది. ఒక ప్రక్క కొబ్బరితోటల నీడ, మరొక ప్రక్క నిండుగా పారే నీరు. ఆ చేరువలోని లొల్ల లాకులు చిత్ర నిర్మాతలను కూడా ఆకర్షించిన సుందర ప్రదేశం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఓరుగల్లు వైపు నుండి సకినాలు పట్టుకెళ్ళిన మిత్రులు పూతరేకులతో తిరిగివస్తారు. రెండు ప్రాంతాల వరిపిండి రెండు రుచులుగా చేతులు మారుతుంది.

ఓడలు బండ్లయిన కాలం

పూర్వం ఈ కాలువల మీద వడ్లు, ఉప్పు, కొబ్బరికాయలు, కలప, పెళ్ళివారు, పరీక్షలు వ్రాయబోయే విద్యార్థులు పడవలలోనే ప్రయాణించేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే గెడ వేసేవారు. ఎదురునీటిలో మనుషులు గట్టు మీద నడుస్తూ, తాడు భుజానికి తగిలించుకొని పడవను లాగేవారు. తొందర తెలియని ఆ ప్రయాణంలో పడవలోనే వంట, పడవలోనే నిద్ర, పడవలోనే పురాణకాలక్షేపం. అయితే ఆ సౌఖ్యం లోపల కూర్చున్నవారిది. భుజం కాయలు కాచినది తాడు లాగినవారికి. గతాన్ని స్మరించేటప్పుడు ఈ రెండవ సగాన్ని మరువరాదు.

1890ల నాటికి కోస్తాలో రైలుమార్గం పడింది. 1900లో గోదావరి రైలు వంతెన ప్రయాణికులకు అందుబాటులోకి వచ్చింది. రెండు రోజుల పడవ ప్రయాణం కొద్ది గంటల రైలు ప్రయాణమైంది. అటుపైన రోడ్లు, లారీలు వచ్చాయి. 1965, 1966 తుఫానులకు బకింగ్‌హామ్ కాలువ బాగా దెబ్బతిన్నది. పూడిక, గుర్రపుడెక్క, తక్కువ ఎత్తున కట్టిన వంతెనలు, పట్టణాల మురుగు కలిసి పడవబాటలను మూసివేశాయి. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది.

ఈ కాలువలను తిరిగి తెరవాలన్న ఆలోచన ప్రభుత్వాలకు లేకపోలేదు. కాకినాడ నుండి పుదుచ్చేరి దాకా గల కాలువలను, గోదావరిలో భద్రాచలం - రాజమహేంద్రవరం భాగాన్ని, కృష్ణలో వజీరాబాద్ - విజయవాడ భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల మార్గాన్ని 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఇందులో ఏలూరు కాలువ పొడవు 139 కిలోమీటర్లు. 2017లో కృష్ణానది భాగంలో పనులకు శంకుస్థాపన జరిగింది. ప్రకటన సులభం, పూడిక తీయడం, వంతెనలు ఎత్తడం, లాకులు బాగుచేయడం కష్టం.

మూడు నీళ్ళు

విహారానికి పడవ ఎక్కేవారు ముఖ్యంగా గ్రహించవలసినది ఒకటున్నది. అన్ని నీళ్ళూ ఒకటి కావు. చెరువు నీరు నిలిచినది. కాలువ నీరు తూముల అదుపులో పారేది. నది నీరు తన ఇష్టానుసారం పారేది. ఈ మూడింటి మీద పడవ నడిపే నేర్పు వేరు. పాటించవలసిన జాగ్రత్త వేరు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన ఒక పర్యాటక పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగిపోయింది. డెబ్బయిమందికి పైగా ఉన్న ఆ పడవలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. కాజీపేట ప్రక్కనే ఉన్న కడిపికొండ గ్రామం నుండి కలిసి వెళ్ళినవారిలో పలువురు తిరిగిరాలేదు. రఘునాథపల్లి నుండి ఓరుగల్లుకు వెళ్ళే ప్రతి బాటసారీ ఆ ఊరి పొలిమేరల మీదుగా సాగిపోతాడు. ఆనాడు గోదావరి వరద ప్రవాహం 5 లక్షల క్యూసెక్కుల స్థాయిలో ఉన్నది. ఈ సంఖ్య అర్థం కావాలంటే ఒక పోలిక చాలు. వరంగల్లు సమీపంలో పారే కాకతీయ కాలువ నిండుగా పారినా అందుకు నిర్ణయించిన సామర్థ్యం 9,700 క్యూసెక్కులే. అటువంటి కాలువలు యాభై ఒక్కటిగా చేరి, రెండు కొండల నడుమ ఇరుకున దూసుకుపోతుంటే ఎలా ఉంటుందో ఊహించుకోవాలి. పడవను వెలికితీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది.

దీనివల్ల నీటికి భయపడమని కాదు. నీటిని తెలుసుకొమ్మని అర్థం. వరద హెచ్చరిక ఉన్నప్పుడు నదీవిహారం మానుకోవాలి. పడవకు ఎందరిని ఎక్కించే అనుమతి ఉన్నదో అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదు. లైఫ్ జాకెట్ ఇచ్చినప్పుడు ఒడిలో పెట్టుకోక, ఉక్కగా ఉన్నా, దిగేదాకా తొడుక్కునే ఉండాలి. ఛాయాచిత్రాల కోసం అందరూ ఒకే ప్రక్కకు చేరరాదు. సరంగు బయలుదేరనని అంటే బ్రతిమాలరాదు. బయలుదేరుదామని తొందరపెడితే నిరాకరించడానికి వెనుదీయరాదు.

కాలువ అనగానే అన్నిటా పడవ విహారం సాధ్యమనీ భావించరాదు. శ్రీరాంసాగర్ నుండి 284 కిలోమీటర్లు సాగే కాకతీయ కాలువ పొలాల కోసం త్రవ్వినది. దాని ప్రక్కలు ఏటవాలుగా, సిమెంటుతో నున్నగా ఉంటాయి. దిగడం తేలిక, పట్టు దొరకక ఎక్కడం కష్టం. ఈతకు దిగిన యువకులు ప్రాణాలు కోల్పోయేది ఇటువంటి చోటనే. కోనసీమ కాలువలలో సైతం వేసవిలో మరమ్మతుల కోసం నీరు కట్టివేస్తారు. కనుక కాలువ విహారం కోరేవారు, అక్కడి మిత్రులను ముందుగా అడిగి, నీరు ఉన్న కాలం చూసుకొని బయలుదేరాలి. నీటి విషయంలో ఊరివారి మాటకు మించిన మార్గదర్శి లేదు.

కాలువలకు మళ్ళీ కళ

పాతబడిన జలమార్గాలు ప్రపంచంలో పలుచోట్ల మళ్ళీ ప్రాణం పోసుకున్నాయి. ఫ్రాన్సులో 1681లో ప్రారంభమైన మిది కాలువ మీద నేడు సరుకుల పడవలకు బదులు విహారనౌకలు తిరుగుతున్నాయి. 1996లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. ఇంగ్లండులో రైళ్ళ రాకతో మూలబడిన ఇరుకు కాలువలను రెండవ ప్రపంచయుద్ధం తరువాత ప్రజలే సంఘాలుగా ఏర్పడి, సెలవు దినాలలో బురద ఎత్తి, లాకులు బాగుచేసి తెరిపించారు. అక్కడ కుటుంబాలు వారాల తరబడి పడవలోనే నివసిస్తూ, తమ చేతులతో తామే లాకు తలుపులు త్రిప్పుకుంటూ ప్రయాణిస్తాయి. మన పొరుగున ఉన్న కేరళలో వడ్లు మోసిన కెట్టువళ్ళాలు ఇంటిపడవలుగా మారి ఎందరికో జీవనోపాధి కల్పిస్తున్నాయి.

మన సీమలోనూ శుభసూచనలు లేకపోలేదు. గోదావరి తీరాన దిండి వద్ద ఇంటిపడవలు వెలిశాయి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవపందేలు జరిగినప్పుడు గట్లు జనంతో నిండిపోయాయి. అయితే పందెం జరిగిన మూడు రోజులే కాక మిగిలిన రోజులలో కూడా ఆ కాలువను మనం చూడాలి. అందులోని నీటిని త్రాగేవారున్నారు, దానితో పైరు పెంచేవారున్నారు. వినోదం పేరిట ప్లాస్టిక్ సంచులు, ఆహారపు పొట్లాలు విడిచివస్తే, కాలువను మూసివేసిన పూడికలో మన వంతు మనమూ కలిపినట్లే. విహారం కాలువకు బరువు కారాదు, కాపుదల కావాలి. పడవ నడిచే కాలువలో గుర్రపుడెక్క పెరగనివ్వరు; పదిమంది చూసే గట్టు మీద చెత్త పోయనివ్వరు. ఉపయోగంలో ఉన్న నీరే శుభ్రంగా ఉంటుంది.

చెరువు ఓరుగల్లు వారి తెలివికి రూపం. కాలువ డెల్టా వారి శ్రమకు రూపం. ఒకటి నీటిని నిలపడం నేర్పితే మరొకటి నీటిని నడపడం నేర్పింది. ఒక సీమవారు మరొక సీమవారి ఇంటికి అతిథులుగా వెళ్ళి, ఆ నీటిని చూసి, ఆ నీటి చరిత్ర విని, దాని మర్యాద పాటించి తిరిగివస్తే ఆ యాత్ర సఫలమైనట్లు. ఇంటికి వచ్చిన చుట్టం ఇంటివారి కష్టసుఖాలు తెలుసుకొని మసలుకున్నట్లే, నీటి మీదికి వెళ్ళిన యాత్రికుడు నీటి స్వభావం తెలుసుకొని మసలుకోవాలి. అప్పుడే బండిబాట మనలను క్షేమంగా తీసుకువెళ్తుంది, పడవబాట మనలను క్షేమంగా తీసుకువస్తుంది.